రాబర్ట్ బర్డ్: 51 ఏళ్ల సెనేటర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో బడ్జెట్ గొడవ మొదలైన ప్రతిసారీ వార్తల్లో ‘బర్డ్ రూల్’ అనే మాట వినిపిస్తుంది. ఎవరండీ ఈ బర్డ్ అని వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు. ఇంకొందరు కూ క్లక్స్ క్లాన్ (నల్లవాళ్ల మీద దాడులు చేసిన తెల్లజాతి దురహంకార సంస్థ) వాళ్ల తెల్ల ముసుగుల ఫొటో ఒకటి ఫార్వర్డ్ చేసి, "ఇతనేగా?" అంటారు. ఇద్దరికీ కలిపి ఇక్కడ జవాబులు రాశాను. కొన్ని పొడుగ్గా ఉంటాయి. ఆయన కథ అలాంటిది మరి.

ఒక్క ముక్కలో చెప్పండి, ఎవరీయన?

వెస్ట్ వర్జీనియా రాష్ట్రం నుంచి 1959 జనవరి 3న అమెరికా సెనేట్‌లో అడుగుపెట్టి, 2010 జూన్ 28న 92 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆ సీటు వదలని డెమోక్రాట్. అంతకుముందు ఆరేళ్లు ప్రతినిధుల సభలో ఉన్నారు. సెనేట్‌కి తొమ్మిదిసార్లు గెలిచారు. సెనేట్ అనగానే మనకి రాజ్యసభ గుర్తొస్తుంది కానీ, సెనేటర్లని జనమే నేరుగా ఎన్నుకుంటారు. పైగా పెద్ద రాష్ట్రమైనా చిన్న రాష్ట్రమైనా ఇద్దరే. కాలిఫోర్నియాకి ఎన్ని ఓట్లో, కొండల మధ్య ఉన్న పేద వెస్ట్ వర్జీనియాకీ అన్నే. బర్డ్ బలానికి సగం కారణం ఇదే.

అందరికంటే ఎక్కువ కాలం ఉన్నది ఆయనేనా?

సెనేట్ వరకు అయితే అవును, ఇప్పటికీ ఆయనే. 51 ఏళ్లు దాటింది. 2006 జూన్‌లో స్ట్రోమ్ థర్మండ్ రికార్డు దాటారు. రెండు సభలూ కలిపి చూస్తే 57 ఏళ్ల పైచిలుకు. ఆ లెక్కలో మాత్రం మిషిగన్‌కి చెందిన జాన్ డింగెల్ 2013లో ఆయన్ని మించిపోయారు, 59 ఏళ్లు దాటి 2015లో దిగిపోయారు. సెనేట్‌లో బర్డ్ వేసిన ఓట్లు 18,689. ఎంతమంది ప్రెసిడెంట్ల కింద పనిచేశారని అడిగితే ఆయనకి నచ్చేది కాదు. కింద కాదు, వాళ్లతో పాటు పనిచేశానని దిద్దేవారు.

ఆయన అసలు పేరు అది కాదట, నిజమేనా?

నిజమే. 1917 నవంబర్ 20న నార్త్ కరోలినాలోని నార్త్ విల్క్స్‌బరోలో పుట్టినప్పుడు పెట్టిన పేరు కార్నీలియస్ కాల్విన్ సేల్ జూనియర్. ఏడాది తిరిగేసరికి 1918 నాటి ఫ్లూ మహమ్మారి తల్లిని తీసుకుపోయింది. పసివాణ్ణి మేనత్తకి ఇచ్చేశారు. ఆవిడ పేరు వ్లర్మా, భర్త టైటస్ బర్డ్. వాళ్లు రాబర్ట్ అని పేరు మార్చి, వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల ఊళ్లకి తీసుకెళ్లారు. తన పుట్టినరోజు 1918 జనవరి 15 అనే ఆయన చాలాకాలం అనుకున్నారు. అసలు తేదీ 1971లో, అంటే యాభయ్యో పడి దాటాక, సొంత అన్న చెబితే తెలిసింది.

బాగా పేదరికమేనా?

గని కార్మికుల క్యాంపు ఇళ్లు, కంపెనీ కొట్టులో అప్పు, అదీ ఆ ఇంటి వాతావరణం. చిన్నప్పుడు ఇంటింటికీ తిరిగి మిగిలిపోయిన తిండి పోగుచేసి, పెంపుడు తండ్రి పెంచే పందులకి తెచ్చి పోసేవారు. 1934లో హైస్కూల్‌లో క్లాసు ఫస్టు వచ్చారు, కానీ కాలేజీకి డబ్బుల్లేవు. పెట్రోలు బంకులో పని, కిరాణా కొట్టులో పని, తర్వాత మాంసం కొట్టడం నేర్చుకున్నారు. యుద్ధం రోజుల్లో ఓడల యార్డులో వెల్డర్. 1937లో పెళ్లి చేసుకున్న ఎర్మా జేమ్స్‌తో ఆమె 2006లో పోయేదాకా, దాదాపు 69 ఏళ్లు కాపురం చేశారు.

మరి లా డిగ్రీ ఎప్పుడు వచ్చింది?

కాంగ్రెస్‌లో ఉంటూనే రాత్రి క్లాసులకి వెళ్లారు. చేతిలో బీఏ లేకపోయినా, మార్కులు బాగా తెచ్చుకుంటేనే అనే షరతు మీద చేర్చుకున్నారు. పదేళ్లు పట్టింది. 1963 జూన్‌లో అమెరికన్ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో పట్టా అందించింది సాక్షాత్తూ ప్రెసిడెంట్ కెనడీ. ఆ బీఏ మాత్రం 1994లో, 76 ఏళ్ల వయసులో, మార్షల్ యూనివర్సిటీ నుంచి తెచ్చుకున్నారు. ఎందుకంత పట్టుదల అంటే, మాంసం కొట్టు మనిషి అని చులకనగా చూసే సభలో చదువే తనకి రక్ష అని ఆయన నమ్మారని నాకనిపిస్తుంది.

రాజకీయాల్లోకి ఎలా వచ్చారు?

ఫిడేలుతో. అతిశయోక్తి కాదు. 1946లో రాష్ట్ర శాసనసభకి పోటీ చేసినప్పుడు డబ్బూ లేదు, వెనక మనుషులూ లేరు. ఊరూరా తిరిగి, జనం పోగయ్యేదాకా కొండప్రాంతపు పాటలు వాయించి, ఆ తర్వాత నాలుగు మాటలు మాట్లాడేవారు. క్రాబ్ ఆర్చర్డ్ అనే ఊళ్లో ఆయన చెప్పే బైబిల్ పాఠాలు రేడియోలో వచ్చేవి, ఆ పేరు కూడా పనికొచ్చింది. 1950లో రాష్ట్ర సెనేట్, 1952లో వాషింగ్టన్. ఫిడేలుని మాత్రం చాలాకాలం వదల్లేదు. 1978లో ఆల్బమ్ కూడా తెచ్చారు. చివరికి చేతుల వణుకు ఆ ముచ్చట మాన్పించింది.

కూ క్లక్స్ క్లాన్ నాయకుడంటారు. ఎంతవరకు నిజం?

క్లాన్‌లో ఉన్నారు, అందులో సందేహం లేదు. అయితే ఫార్వర్డుల్లో తిరిగే ‘గ్రాండ్ విజార్డ్’ అనే మాట తప్పు. అది దేశం మొత్తానికి పెద్ద పదవి. ఈయన స్థానిక శాఖ పెద్ద, వాళ్ల భాషలో ‘ఎగ్జాల్టెడ్ సైక్లాప్స్’. చిన్న పదవి కాబట్టి చిన్న తప్పు అని దీనర్థం కాదు. 1940ల మొదట్లో, పాతికేళ్ల వయసులో, ఆ శాఖని మొదలుపెట్టిందే ఆయన. తన స్నేహితుల్నీ తెలిసినవాళ్లనీ 150 మంది దాకా చేర్పించారు.

అప్పుడు క్లాన్ పెద్ద ఒకాయన వచ్చి, నీలో నాయకత్వ లక్షణాలున్నాయి, దేశానికి నీలాంటి కుర్రాళ్లు కావాలి అన్నాడట. అప్పటిదాకా తనని ఎవరూ అలా మెచ్చుకోలేదని బర్డ్ తర్వాత రాసుకున్నారు. మాంసం కొట్టులో పనిచేసే కుర్రాడికి రాజకీయం అనే ఆలోచన తట్టింది అక్కడే. ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. 

1944లో మిసిసిపీ సెనేటర్ బిల్బోకి రాసిన ఉత్తరంలో, నల్లవాడి పక్కన నిలబడి జెండా కింద ఎప్పటికీ పోరాడను అన్నారు. ఏడాదికే క్లాన్ మీద ఆసక్తి పోయిందని తర్వాత చెప్పుకున్నారు గానీ, 1946లో క్లాన్ అధినేతకి రాసిన ఉత్తరం వేరే మాట చెబుతుంది. వెస్ట్ వర్జీనియాలో క్లాన్ మళ్లీ నిలబడాలని అందులో కోరారు. 1952 ఎన్నికల్లో ఇదంతా బయటపడింది, సొంత పార్టీ గవర్నరే తప్పుకోమన్నారు. తప్పుకోలేదు. గెలిచారు.

పౌరహక్కుల బిల్లుకి అడ్డంగా 14 గంటలు మాట్లాడారట కదా?

14 గంటల 13 నిమిషాలు. జాతి వివక్షని నిషేధించే బిల్లు అది. 1964 జూన్ 9 సాయంత్రం లేచి నిలబడ్డవారు మర్నాడు ఉదయం పది కావొస్తుండగా కూర్చున్నారు. ఫిలిబస్టర్ అంటే ఇదే. సెనేట్‌లో ఒకసారి మాట్లాడటం మొదలుపెట్టిన సభ్యుణ్ణి మధ్యలో ఆపడానికి స్పీకర్ గంట లాంటిది లేదు. ఓటింగ్ జరగకుండా మాట్లాడుతూనే ఉండొచ్చు. ఆపాలంటే అప్పట్లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. రాజ్యాంగం, రాష్ట్రాల హక్కులే కాదు, జాతుల్ని వేరుగా ఉంచడానికి బైబిల్ వాక్యాలు కూడా తెచ్చారు ఆ రాత్రి.

ఆయన కూర్చున్న కాసేపటికే చర్చ ముగించడానికి ఓటింగ్ పెట్టారు. మెదడులో కణితితో మాట పడిపోయిన కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగల్‌ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. పేరు పిలిచారు. ఆయన నోరు పెగల్లేదు. చెయ్యెత్తి కంటిని చూపించారు. ఇంగ్లీషులో కన్ను అనే మాటా, ‘అవును’ అనే ఓటు మాటా ఒకేలా పలుకుతాయి కదా, అలా ఓటు పడింది. 71–29. పౌరహక్కుల బిల్లు మీద ఫిలిబస్టర్‌ని సెనేట్ విరగ్గొట్టడం అదే మొదటిసారి. 1965 ఓటు హక్కు చట్టానికీ బర్డ్ వ్యతిరేకంగానే ఓటేశారు.

ఎప్పుడు మారారు?

ఫలానా రోజున మారారని తారీఖు వేసి చెప్పలేం. 1967లో తొలి నల్లజాతి సుప్రీంకోర్టు జడ్జి థర్‌గుడ్ మార్షల్ నియామకానికి వ్యతిరేకంగా ఓటేశారు. మరుసటి ఏడాది 1968 పౌరహక్కుల చట్టానికి అనుకూలంగా ఓటేశారు. 1983లో మార్టిన్ లూథర్ కింగ్ పేరిట జాతీయ సెలవు బిల్లుకి సరేనన్నారు. మధ్యలో 1982లో పదిహేడేళ్ల మనవడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. నల్లవాళ్లు కూడా తమ పిల్లల్ని ఇంతే ప్రేమిస్తారు కదా అనే ఆలోచన ఆ దుఃఖంలో తనకి తగిలిందని తర్వాత చెప్పారు. అరవై నాలుగేళ్లు వచ్చేదాకా తట్టలేదా అని అడగొచ్చు. అడగాల్సిందే.

క్లాన్ గురించి ఎన్నిసార్లు అడిగినా తప్పు చేశానన్నారు, క్షమాపణ చెప్పారు, జరిగినదాన్ని చెరిపెయ్యలేనని ఒప్పుకున్నారు. అయినా 2001లో టీవీ ఇంటర్వ్యూలో నోరు జారి, మళ్లీ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 2008లో డెమోక్రాట్ల ప్రెసిడెంట్ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో వెస్ట్ వర్జీనియా ఓటర్లు హిల్లరీ క్లింటన్‌కి భారీగా ఓటేశాక, బర్డ్ ఒబామాకి మద్దతు ప్రకటించారు. ఆయన చనిపోయినప్పుడు నల్లజాతి హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ సంతాపం తెలిపింది. మారాడని నమ్మేవాళ్లకీ నమ్మనివాళ్లకీ ఇందులో చెప్పుకోవడానికి కావలసినంత ఉంది. నేనైతే మార్పు నిజమేననుకుంటాను, ఆలస్యం కూడా నిజమే.

సెనేట్‌లో అంత పట్టు ఎలా వచ్చింది?

ఎవరికీ అక్కర్లేని పనులు తలకెత్తుకోవడం వల్ల. 1967లో పార్టీ సెనేటర్ల బృందానికి కార్యదర్శి అయ్యారు, పేరుకే పదవి అది. బర్డ్ మాత్రం పొద్దస్తమానం సభలోనే ఉండేవారు. ఎవరి బిల్లు ఏ రోజు రావాలి, ఎవరికి విమానం టైమవుతోంది, ఓటింగ్ గంట వెనక్కి జరపగలమా, అన్నీ చూసుకునేవారు. చేసిన సాయాలు గుర్తుపెట్టుకున్నారు. 1971లో విప్ పదవికి టెడ్ కెనడీ మీద పోటీ చేశారు. కెనడీ పేరు, కుటుంబం ఒకవైపు, ఈ చిన్న చిన్న సాయాలు ఒకవైపు. 31–24తో బర్డ్ గెలిచారు. ఆస్పత్రిలో మృత్యుశయ్య మీద ఉన్న జార్జియా సెనేటర్ రిచర్డ్ రస్సెల్ తన ఓటు రాసి ఇచ్చి పంపారు. అదే రోజు కొన్ని గంటలకి రస్సెల్ చనిపోయారు.

1977 నుంచి 1988 దాకా తమ పార్టీకి సెనేట్ నాయకుడు, మెజారిటీ ఉన్నప్పుడు మెజారిటీ లీడర్, లేనప్పుడు మైనారిటీ లీడర్. సభ నియమాలు ఆయనకి కంఠతా వచ్చు. తెలియనివాళ్లు ఆయనతో వాదనకి దిగితే అంతే సంగతులు.

ఒక సెనేటర్‌ని అరెస్టు చేయించి మోసుకొచ్చారట?

1988 ఫిబ్రవరి 24, అర్ధరాత్రి దాటాక. ఎన్నికల ఖర్చుల బిల్లు మీద రిపబ్లికన్లు ఫిలిబస్టర్ చేస్తూ, కోరం లేకుండా సభ బయటే ఉండిపోయారు. బర్డ్ పాత నిబంధన ఒకటి బయటికి తీశారు, రాని సభ్యుల్ని అరెస్టు చేసి తీసుకురమ్మని. సభ భద్రత చూసే సెనేట్ సార్జంట్ వెళ్లి ఆరెగాన్ సెనేటర్ బాబ్ ప్యాక్‌వుడ్ గది తలుపు తెరవబోతే, లోపల ఆయన కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. తోసుకుని వెళ్లారు. పాత దెబ్బ తగిలిన వేలికి మళ్లీ దెబ్బ తగిలింది. రాత్రి 1:17కి ఆయన్ని ఎత్తుకుని, కాళ్లు ముందుకు పెట్టి సభలోకి తెచ్చారు. ఇంత చేసినా ఆ బిల్లు గట్టెక్కలేదు. చర్చ ముగించడానికి ఎనిమిదిసార్లు ఓటింగ్ పెట్టారు, ఎనిమిదిసార్లూ ఓడారు. 1964లో తను వాడిన ఆయుధమే ఇప్పుడు ఎదుటివాళ్ల చేతిలో ఉంది మరి.

అసలు బర్డ్ రూల్ అంటే ఏంటి? మన వాళ్లకి దాంతో ఏం పని?

మామూలు బిల్లు సెనేట్ దాటాలంటే ఫిలిబస్టర్ ఆపడానికి 60 ఓట్లు కావాలి. బడ్జెట్‌కి సంబంధించిన ‘రీకన్సిలియేషన్’ బిల్లుకి మాత్రం సాదా మెజారిటీ చాలు, చర్చకి కూడా గంటల లెక్క ఉంటుంది. సులువైన దారి కనిపిస్తే ఎవరు వదులుతారు? డబ్బుతో సంబంధం లేనివన్నీ అందులో కూరడం మొదలుపెట్టారు. దానికి అడ్డుకట్టగా 1985లో బర్డ్ ఈ నిబంధన తెచ్చారు, 1990లో అది శాశ్వతమైంది. ప్రభుత్వ ఖర్చునీ ఆదాయాన్నీ నేరుగా మార్చని అంశం ఏదైనా ఉంటే ఒక్క సెనేటర్ అభ్యంతరం చెప్పినా చాలు, తీసేయాల్సిందే. ఉంచాలంటే మళ్లీ 60 ఓట్లు. ఏది ఉండొచ్చో ఏది ఉండకూడదో పార్లమెంటేరియన్ అనే అధికారి చెబుతారు. ఆ వడపోతకి వాషింగ్టన్‌లో ముద్దుపేరు ‘బర్డ్ బాత్’.

సొంత పార్టీ ప్రెసిడెంట్‌కీ ఇందులో మినహాయింపు ఇవ్వలేదు. 1993లో క్లింటన్ తన హెల్త్ పథకాన్ని ఈ దారిలో పంపిద్దామంటే బర్డ్ ససేమిరా అన్నారు.

మన వాళ్లకి పని ఉంది. 2021లో ఇమ్మిగ్రేషన్ మార్పుల్ని ఈ దారిలోనే పెట్టాలని డెమోక్రాట్లు చూస్తే, పార్లమెంటేరియన్ ఇదే రూల్ చూపించి కుదరదన్నారు. గంటకి 15 డాలర్ల కనీస వేతనమూ అదే ఏడాది అలాగే పోయింది. బడ్జెట్ బిల్లులో మన సమస్య తీరిపోతుందని ఎవరైనా ఊరిస్తే, ముందు బర్డ్ బాత్ అయ్యిందా అని అడగండి.

సొంత రాష్ట్రానికి ఏం చేశారు?

1989లో పార్టీ నాయకత్వం వదిలేసి నిధులు పంచే అప్రోప్రియేషన్స్ కమిటీకి ఛైర్మన్ అయ్యారు. వెస్ట్ వర్జీనియాకి తానే బిలియన్ డాలర్ల పరిశ్రమ కావాలన్నది ఆయన కోరిక, దాచుకోలేదు కూడా. రోడ్లు, ఆస్పత్రులు, ఆఫీసులు తరలివచ్చాయి. సముద్రమే లేని రాష్ట్రానికి కోస్ట్‌గార్డ్ కంప్యూటర్ కేంద్రం వచ్చిందంటే చూడండి. ఎఫ్‌బీఐ వేలిముద్రల విభాగం క్లార్క్స్‌బర్గ్‌కి మారింది. గ్రీన్‌కార్డు కోసం బయోమెట్రిక్స్ ఇచ్చిన మన వాళ్ల వేలిముద్రలు ఎఫ్‌బీఐ తనిఖీకి వెళ్లేది ఆ విభాగానికే. గ్రీన్ బ్యాంక్‌లో 100 మీటర్ల పెద్ద రేడియో టెలిస్కోపుకి కూడా ఆయన పేరే.

ఖర్చుల్ని విమర్శించే సంఘాలు ఆయన్ని దుబారాకి రాజు అని వెక్కిరించాయి. ఆయన సిగ్గుపడలేదు. బతికుండగానే రాష్ట్ర రాజధాని భవనంలో విగ్రహం కూడా పెట్టించుకున్నారు, ఇది మాత్రం నాకు కొంచెం ఎక్కువే అనిపిస్తుంది.

రోమన్ చరిత్ర మీద ఉపన్యాసాలు ఎందుకిచ్చారు?

బిల్లులో నచ్చని ఖర్చుల్ని విడివిడిగా కొట్టేసే అధికారం ప్రెసిడెంట్‌కి ఇవ్వాలన్న ప్రతిపాదన ఆయనకి మంట పుట్టించింది. 1993లో సెనేట్‌లో 14 ఉపన్యాసాలిచ్చారు, కాగితం చూడకుండా. ఖజానా తాళం వదులుకున్నాక రోమన్ సెనేట్ ఎలా కూలిందో చెప్పారు. 1996లో చట్టం వచ్చేసింది. దాని మీద బర్డ్ కోర్టుకి వెళ్తే, దావా వేసే అర్హత మీకు లేదని 1997లో కొట్టేశారు. మరుసటి ఏడాది, 1998లో, వేరేవాళ్ల కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే రద్దు చేసింది. కోటు జేబులో రాజ్యాంగం చిన్న పుస్తకం పెట్టుకుని, మాట మధ్యలో తీసి ఊపడం ఆయన అలవాటు.

ఇరాక్ యుద్ధం మీద ఏమన్నారు?

1964లో వియత్నాం యుద్ధానికి దారి తీసిన టాంకిన్ తీర్మానానికి ఓటేసి, తర్వాత చింతించారు. అందుకే 2002 అక్టోబర్‌లో ఇరాక్ తీర్మానం వచ్చినప్పుడు గట్టిగా ఎదురునిలిచారు. 77–23తో ఓడిపోయారు. 2003 ఫిబ్రవరి 12న, యుద్ధం ముంచుకొస్తుంటే సభ నోరు మెదపడం లేదని ఆయన చేసిన ప్రసంగం ఇంటర్నెట్‌లో ఊరూవాడా తిరిగింది. క్లాన్ చరిత్ర తెలిసిన కుర్రకారు కూడా 85 ఏళ్ల ఆయన మాటలు వెతుక్కుని చదివారు.

బొగ్గు విషయంలో?

జీవితమంతా గనుల పక్షమే. 1997లో, భూమిని వేడెక్కించే వాయువుల్ని తగ్గించే క్యోటో ఒప్పందానికి అడ్డంగా ఆయన పేరు మీదున్న తీర్మానం 95–0తో నెగ్గింది. కానీ 2009 డిసెంబర్‌లో, బొగ్గు కంపెనీలు మార్పుని ఒప్పుకోక తప్పదని సొంత రాష్ట్రం జనానికే రాశారు. నాలుగు నెలలకి, తను పెరిగిన రాలీ కౌంటీలోనే గని పేలి 29 మంది చనిపోయారు.

చివరి రోజులు ఎలా గడిచాయి?

2009 డిసెంబర్ 24 తెల్లవారుజామున, బయట మంచు. ఒబామా హెల్త్ బిల్లుకి ఒక్క ఓటు కూడా తగ్గడానికి లేదు. చక్రాల కుర్చీలో శాలువా కప్పుకుని వచ్చారు. ఒకప్పుడు తను ఓడించిన టెడ్ కెనడీ నాలుగు నెలల కిందటే పోయారు. పేరు పిలవగానే, ఇది నా స్నేహితుడు టెడ్ కెనడీ కోసం అని చెప్పి ‘అవును’ అన్నారు. 60–39.

మరో ఆరు నెలలకి ఆయనా వెళ్లిపోయారు. భౌతికకాయాన్ని సెనేట్ సభా మందిరంలోనే ఉంచారు, 1959 తర్వాత ఎవరికీ దక్కని గౌరవం అది.

ఇప్పుడు ఆ సీటులో ఎవరున్నారు?

కొన్ని నెలలు కార్ట్ గుడ్‌విన్ అనే 36 ఏళ్ల లాయర్. 2010 నవంబర్ ఉపఎన్నికలో జో మాంచిన్ గెలిచారు. 2024లో మాంచిన్ పోటీ చేయకపోతే ఆ సీటు రిపబ్లికన్ జిమ్ జస్టిస్‌కి దక్కింది. 2000లో ఇదే రాష్ట్రంలోని 55 కౌంటీల్లోనూ బర్డ్‌దే మెజారిటీ.